మొదటి రసి నా చేతికి

మార్చి 21, 2021. ఆదివారం

ఎవరి పుండులోని రసినో తెచ్చి నీ ఒంట్లోకి ఎక్కిస్తామంటే చేయి చాపుతావా? నిన్నే అడుగుతున్నాను. చాపుతావా?

ఇవాళ చౌక్‌లో బతకడానికి ఈ గుజరాతీ ఊరికి వచ్చిన మన మగ్గాల వాళ్ళకు నా ఆదివారం ఉపన్యాసం ఈ మాటతోనే మొదలుపెట్టాను. ముందు అందరూ బిగుసుకుపోయారు. తర్వాత అమ్రోలి ఆగయ్య తొడ చరిచి "గది జెప్పు రాజమౌళన్నా" అన్నాడు. సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ కరోనా టీకా బండి చౌక్ చుట్టూ తిరుగుతూ మైకులో "రసీ ముకావో, రసీ ముకావో" అని అరిచింది, రసి పెట్టించుకోండని. నేను వేలెత్తి చూపించాను. విన్నారా? టీకా అని కూడా అనడం లేదు. రసి అని వాళ్ళ నోటితోనే చెప్తున్నారు. ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఎన్నో ఆదివారాలుగా రాస్తున్నదే అయినా మళ్ళీ రాస్తాను. రాస్తే మనసు నిలుస్తుంది. ఈ చౌక్ ఎవరి పేరు మీద ఉందో ఆ పాతకాలపు మనిషి అభయదాస్ మహారాజ్ తన బొమ్మ పెట్టవద్దన్నాడు. అందుకే చౌక్ నడుమ బొమ్మ లేదు. నల్లరాతి దిమ్మె మీద ఒక్క పాలరాతి చేయి ఉంటుంది. భుజం దాకా మడిచిన అంగీ చేయి, కింద చాపిన పిడికిలి, జబ్బ మీద గుండ్రని గుంట. పూజారులు విసిరిన రాయి తగిలిన గాయం అది. గుడి అక్కరలేదు, గుండు గీయించుకోవడం అక్కరలేదు, కులం అక్కరలేదు అన్నవాడికి రాళ్ళు కాక ఏం పడతాయి? చేయి కింద గుజరాతీలో చెక్కి ఉంది: పహేలీ రసీ మారా హాథే. మొదటి రసి నా చేతికి. ఈ అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. దుకాణాల బోర్డులు చూసి నేనే నేర్చుకున్నాను. ఊరు ముక్కు మూసుకుని తొలగిపోయే రోగుల పుండ్లను తన చేత్తో కడిగిన మనిషి రాయించుకున్న మాట అది. దీని మీద నేను మాట్లాడుతుంటే మగ్గాల వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

ఇక ఆ రాతి చేతికి పూలదండలు, కొబ్బరికాయలు! దిమ్మె సగం దండల కింద పూడిపోయింది. మహారాజ్ వద్దన్న పూలను నేను ముట్టను. తీయడానికైనా ముట్టను. ఈ మాట కూడా చెప్పాను.

అయిపోయాక లక్ష్మీరాజం అందరి ముందు అడిగాడు. నా భార్య జమున తమ్ముడు. వాడికి నోటి దురద. "బావా, రసి ఒక్కటేనాయె. రాయి మీదిదేమో పుణ్యం, బండిలదేమో పాపం. ఎట్ల?"

"బామ్మర్దీ, మీ అక్క వండిన కూర, నువ్వు కక్కిన కూర ఒక్కటేనారా?" అన్నాను.

అందరూ పగలబడ్డారు. వాడూ నవ్వాడు. జవాబు బాగా పడింది.

జవాబే కదా అది?

మార్చి 25

జమునకు మళ్ళీ ఆయాసం. చీరలకు రాళ్ళు అతికే పనిలో ఆ జిగురు వాసన వల్లే. జిగురు వల్లే.

మార్చి 29

నేను మాట్లాడింది ఎవరో ఫోన్లో పట్టుకుని తెలుగు గ్రూపుల్లో తిప్పారు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళుండే పేటలన్నిటా, ఉధ్నాలో, డిండోలిలో, అమ్రోలిలో అందరి ఫోన్లలో నేనే. కారఖానాలో నడుస్తుంటే పక్క మగ్గం వాడు "రసి స్వామి వచ్చిండు" అన్నాడు. కసిరాను. మహారాజ్ స్వామి అనే మాటనే కాల్చేసిన మనిషి, ఆయన పేరు చెప్పుకునే నన్ను స్వామి అంటారా అని. కసిరాను గాని, మధ్యాహ్నం అతను మళ్ళీ అన్నప్పుడు వినబడనట్టు వెళ్ళిపోయాను.

ఆగయ్య ఫోన్ చేశాడు. వాళ్ళ గల్లీలో ఎవరూ వేసుకోరట. అందరి చేత మాట తీసుకున్నాడట. మా ఊరివాడే, మనసున్న మనిషి. అస్తమానం దగ్గుతూ మాట్లాడతాడు, పాత బీడీ దగ్గు.

ఏప్రిల్ 1

నలభై ఐదు దాటిన వాళ్ళందరికీ ఇవాళ్టి నుంచి వేస్తున్నారు. సేఠ్ మగ్గాలు ఆపించి చెప్పాడు. పోగులు అతుకుతూ విన్నాను, తల ఎత్తలేదు.

రాత్రి అన్నం పెడుతూ జమున అడిగింది, తను పోయి వేసుకోనా అని. లక్ష్మీరాజం బిడ్డ హిమశ్రీ నర్సు చదువుతోంది కదా, ఆయాసం ఉన్నవాళ్ళు అందరికంటే ముందు వేసుకోవాలని ఆ పిల్ల చెప్పిందట. చుట్టూ మనుషులు పడిపోతున్నారు. పక్క బిల్డింగు నుంచి నిన్న ఒకరిని తీసుకుపోయారు, ఎటు తీసుకుపోయారో ఇంట్లోవాళ్ళకే తెలియదు.

నేను వద్దనలేదు. తొందర వద్దన్నాను, అంతే.

జమున గిన్నె కింద పెట్టింది. "నువ్వు వద్దనలే. చౌక్ల నిలవడి లోకానికంత వద్దన్నవ్. నేను లోకంల లేనా?"

నీ ఇష్టం, పొమ్మన్నాను. ధర్మంగానే అన్నాను. పొమ్మంటే పోవాలి కదా. పోదట.

"దొంగతనంగ పోను. పెండ్లామే ఏసుకున్నదని రేపు నిన్ను మందిల నవ్వుతరు. గా నవ్వు నేను జూడలేను. ముందుగాల నువ్వు చెయ్యి మడువు. నీ వెనుక నేనుంట."

ఇది మొండితనమా, మర్యాదా? పెళ్ళయినప్పటి నుంచి ఇంతే. నన్ను ఎక్కడ కట్టేయాలో ఆమెకు తెలుసు. గుంజ వెతకదు, తననే నాకు కట్టేసుకుంటుంది.

'వాణి' తీశాను. మహారాజ్ మాటల పుస్తకం. ఎప్పుడూ దస్తీలో చుట్టి సంచిలో ఉంటుంది. కళ్ళు మూసుకుని తెరిచిన పేజీలో ఇలా ఉంది: "నా బొమ్మ పెట్టకండి. నా మాట కూడా పెట్టకండి. నేను చేసిన పని ముందర పెట్టుకోండి." మంచి మాటే. మన సంగతికి పనికొచ్చేది కాదు. ఇంకో పేజీ తెరిచాను. అది కూడా పనికి రాలేదు.

ఏప్రిల్ 4. ఆదివారం

జమున మొదటిసారి చౌక్‌కు వచ్చింది. ఇన్నేళ్ళూ ఆదివారమంటే చీరల మూటలు అప్పజెప్పే రోజు. ఇవాళ పని లేదు. హిమశ్రీ కూడా వచ్చింది. లక్ష్మీరాజం ఆటో మాట్లాడాడు. జనం తక్కువే, మూతులకు గుడ్డలు, ఎడం ఎడంగా నిలబడ్డారు. దిమ్మెకు అవతల నీలం గుడ్డ పందిరి వేసి రసి పెట్టే కుర్చీలు వేశారు. ఖాళీ కుర్చీలు. నా గొంతు అక్కడి దాకా పోతుందని తెలిసి ఇంకా పెంచాను.

హిమశ్రీ చేయి ఎత్తింది, బడిలో లాగా. "మామా, గా రాతను జర మళ్ళ చదువు."

చదివాను. పిల్ల వంగి దండలు రెండు చేతులా ఎత్తి కింద ఏదో చూసింది. ఇక్కడే గుజరాతీ బడిలో చదివిన పిల్ల. తర్వాత దండలు ఎలా ఉన్నవి అలా సర్ది నా వైపు చూసింది.

"ఏమున్నదే?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఏం లేదు పప్పా. ధూళ్ ఉన్నది."

జమున మాత్రం రాతి చేతి వైపే చూస్తూ నిలబడింది. ఇంటికి పోదాం అన్నా కదలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో హిమశ్రీ నా చెవి దగ్గర ఏదో అంది. రాయదగ్గది కాదు.

ఏప్రిల్ 5

పోగులు ఊరికే తెగుతున్నాయి. నూలు మంచిది కాదు.

ఏప్రిల్ 8

రాయదగ్గది కాదన్నాను. నాలుగు రోజులుగా అదే చెవిలో ఉంది. రాసి పడేస్తే పోతుంది.

దండల కింద ఇంకో వరుస ఉందట. "శీతళానా వరసే." అంటే అమ్మవారు, అదే మశూచి, పోసిన ఏడు. గుజరాతీలో రసి అంటే టీకా. మొదటి టీకా నా చేతికి, అమ్మవారు పోసిన ఏడు. ఊరు ఊరంతా టీకా అంటే భయపడి తలుపులు వేసుకుంటే, మహారాజ్ ఆ చౌక్‌లో నిలబడి అందరూ చూస్తుండగా అంగీ చేయి మడిచి ముందు తన చేతికి పెట్టించుకున్నాడట. అందుకే బొమ్మ లేదు, చేయి ఉంది. అందుకే చేయి మడిచి ఉంది. ఆ గుండ్రని గుంట రాతి దెబ్బ కాదు.

ఇవన్నీ ఆ పిల్ల బడిలో చదువుకున్నదట. స్మారక దినం నాడు పిల్లలను తీసుకెళ్ళి చెప్పేవారట.

మరి ఇన్ని ఆదివారాలు నాకెందుకు చెప్పలేదని ఆటో దిగాక పక్కకు పిలిచి అడిగాను. "నువ్వు మాట్లాడుతుంటే నడుమల ఎవ్వలు మాట్లాడుతరు మామా?" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

ఇంకోటి కూడా అంది. నన్ను ఓదార్చడానికేమో. "నువ్వన్నది మొత్తం గలత్ కాదు మామా. గప్పుడు సూది మందు యాడిది? ఒకరి పుండుల రసి తీసి ఇంకొకరి చేతికి పెట్టేటోళ్ళట. గందుకే దానికి రసి అని పేరు."

మాట సరైనదే. నేను సరిగ్గానే చదివాను. రసి అంటే రసే. చదవడంలో తప్పు లేదు.

చదవడంలో తప్పు లేదు.

ఏప్రిల్ 11. ఆదివారం

చౌక్‌కు పోలేదు. గొంతు బాగా లేదని చెప్పాను. గొంతు బాగానే ఉంది.

ఆగయ్యను ఆస్పత్రిలో చేర్చారు. గాలి పైపు పెట్టారు. అతని కొడుకు ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టాడు. మాటకు మాటకు నడుమ పైపు గుర్రుమంటోంది.

"అన్నా, నేను ఏసుకోలే. నీ మాట మీదనే ఉన్న."

గర్వంగా చెప్పాడు. నన్ను తిట్టడానికి కాదు. ఏదో గెలిచి వచ్చి చెప్పినట్టు చెప్పాడు. "శభాష్ ఆగయ్యా" అని నా నోటి నుంచి వచ్చింది. అలవాటు. చౌక్‌లో ఎవరు ఏం చెప్పినా అనే మాట. ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అతని దగ్గు పాతదే. బీడీల వల్ల. వేసుకున్నా వచ్చేదేమో. వేసుకున్నవాళ్ళకు రావడం లేదా?

ఇలా ఎన్ని వాక్యాలైనా రాయగలను. నాకు వాక్యాలకు కరువు లేదు.

ఏప్రిల్ 13

ఉగాది. పచ్చడి చేసింది జమున, వేపపువ్వు దొరక్క ఆకు వేసింది. మెట్లెక్కి వచ్చి నోరు తెరిచి ఊపిరి తీసుకుంది, చేప లాగా.

తలంటు పోస్తూ నా జబ్బ మీద చేయి ఆపింది. ఎడమ జబ్బ. చిన్నప్పుడు మా ఊరి బడిలో వేసిన టీకా మచ్చ. నిండు చేతుల అంగీలే తొడుగుతాను కాబట్టి బయటివాళ్ళు ఎవరూ చూసి ఉండరు. నాకే గుర్తు లేదు. ముప్ఫై ఏళ్ళుగా నూనె రాసేది ఆమె.

గుండ్రని ఆ గుంటలో బొటనవేలు పెట్టి అంది: "గా రాయి చేతి మీద గిదే ఉన్నది. జూడంగనే ఎరుకైంది నాకు. నీ చెయ్యే అక్కడ పెట్టిండ్రా అనుకున్న."

నేను కళ్ళలోకి దిగిన నూనె తుడుచుకున్నాను.

"గప్పుడు నిన్నెవ్వలు ఎత్తుకపోయిండ్రు?"

మా అమ్మ. నేను ఏడుస్తుంటే గట్టిగా పట్టుకుంది. ఆమెకు అక్షరం రాదు. అది ఏ మందు, ఏ మాట అని అడగలేదు. ఆ ఏడు మా గల్లీలో అమ్మవారు పోసి ఇద్దరు పోయారు. నేను పోలేదు.

జమున ఇంకేమీ అడగలేదు. చెంబుతో నీళ్ళు పోసింది. వాదించి ఉంటే నేను గెలిచేవాణ్ణి.

ఏప్రిల్ 15

ఆగయ్య లేడు.

ఏప్రిల్ 16

కారఖానా ఎగ్గొట్టి చౌక్‌కు ఒక్కణ్ణే వెళ్ళాను. మాస్కు, పైన దస్తీ. ఎవరూ గుర్తు పట్టలేదు. రసి స్వామి వచ్చాడని ఎవరూ అనలేదు.

దండలు తీశాను. నా చేతులతో. ముట్టనన్న చేతులతో. పైవి వాడినవి, వాటి కింద కుళ్ళినవి, అడుగున మట్టైపోయినవి. ఎన్నేళ్ళ పూలో. చేతులకు జిగట అంటింది. రుద్ది రుద్ది తుడిచాక రెండో వరుస తేలింది. నాకు వచ్చిన అక్షరాలే. శీ. త. ళా. ఒక్కటి కూడా రానిది లేదు. ఏ ఆదివారమైనా వంగి ఉంటే చదివేవాణ్ణి. నేను వంగలేదు. పూలు ముట్టని నిష్ఠ అనుకున్నాను దాన్ని.

గుడి వద్దన్న మనిషికి నేను మాటలతో గుడి కట్టాను. పూలవాళ్ళు రాయిని సగమే కప్పారు. మిగతా సగం నేను కప్పాను.

పందిట్లో కూర్చున్న నర్సమ్మ నా చేతులు చూసి కడుక్కోమని నీళ్ళిచ్చింది. రసి కోసం వచ్చారా, ఇవాళ్టివి అయిపోయాయి, ఆదివారం తొమ్మిదికి మళ్ళీ వస్తాయి, ఈ చౌక్‌లో అదే ఆఖరు, తర్వాత పందిరి అవతలి వార్డుకు మారుస్తారు అని చెప్పింది. అంతలో పక్కామెతో అంది: "తెలుగువాలా నథీ ఆవతా." తెలుగువాళ్ళు రావడం లేదు. ఎవరో ఏదో చెప్పి భయపెట్టారట. పాపం, చదువు లేని వాళ్ళు అంది.

చదువు లేని వాళ్ళు కాదు తల్లీ. చదువుకున్నానని అనుకున్నవాడు ఒకడు. ఆ మాట అక్కడ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ రాయడానికి ధైర్యం అక్కరలేదు.

ఏప్రిల్ 17

లక్ష్మీరాజానికి చెప్పాను. వాడు నవ్వుతాడని సిద్ధపడ్డాను. వాడు నవ్వలేదు. బీడీ వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు.

"బావా, నువ్వు సప్పుడు జేయకుండ ఏసుకో. అక్కను తీస్కపో. ఆదివారం ఎప్పటిలెక్క మాట్లాడకు, అంతే. మంది మరిచిపోతరు."

ఎంత సులువు. రాత్రి నుంచి నేనూ అదే అనుకుంటున్నాను.

"మరి ఆగయ్య గల్లీ?" అన్నాను.

వాడు బీడీ జేబులో పెట్టేసుకున్నాడు.

జమున లోపలి నుంచి వింటూనే ఉంది. బయటికి వచ్చి తమ్ముడికి చాయ్ ఇచ్చి, నా వైపు చూడకుండా అంది: "ఆగయ్య అందరి దగ్గర మాట తీసుకున్నడంట గదా. గా మాట ఎవ్వలు ఇడిపియ్యాలె?"

ఏప్రిల్ 18. ఆదివారం, తెల్లవారుజాము

జమున రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. నుదురు పట్టుకుని చూశాను, ఒకసారి కాదు. చల్లగానే ఉంది. జ్వరం వస్తే రసి పెట్టరని హిమశ్రీ చెప్పింది. జ్వరం రాలేదు. ఇంకా రాలేదు. ఇవాళ దాటితే పందిరి మారిపోతుంది, ఎల్లుండికి ఈ నుదురు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు?

లేచి ముఖం కడుక్కుంది. ముదురు ఆకుపచ్చ చీర, రవికె చేతులు పొట్టివి. గడప దగ్గర కూర్చుని నా చెప్పులు తుడుస్తోంది.

నేను పొట్టి చేతుల అంగీ కోసం వెతికాను. లేదు. నాకు ఒక్కటీ లేదు. మంచిదే. మడుచుకుంటాను. అక్కడే, అందరూ చూస్తుండగా, దిమ్మె పక్కన నిలబడి మడుచుకుంటాను. నవ్వుతారు. రసి స్వామికి రసి పెట్టిండ్రని పాట కడతారు. ఆగయ్య కొడుకు వస్తాడు. వచ్చి నా ముఖాన ఉమ్మినా తుడుచుకుని వరుసలో నిలబడతాను.

'వాణి' సంచిలో పెట్టలేదు. ఇవాళ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

నా మాట ఏ గ్రూపుల్లో తిరిగిందో ఆ గ్రూపులన్నిటికీ పంపే మాట ఇది. ముందు ఇక్కడ రాసుకుని ఫోన్లో చదువుతాను. లేకపోతే గొంతు మళ్ళీ ఉపన్యాసంలోకి జారిపోతుంది.

"అన్నలారా, అక్కలారా, నేను డిండోలి రాజమౌళిని. రసి అంటే పుండు రసి అని చౌక్ల నిలవడి మీకు చెప్పింది నేనే. రాయి మీద సగమే చదివిన. మిగిలిన సగం పూల కింద ఉండె, వంగి జూడలే. గది టీకా. మహారాజ్ తన చేతికి ముందుగాల పెట్టించుకున్నడు. గా మచ్చ నా చేతికి గూడ ఉన్నది, మా అమ్మ పెట్టించింది. వచ్చి జూడుండ్రి. ఆగయ్య మీ దగ్గర తీసుకున్న మాట నాది. గా మాట నేను వాపస్ తీసుకుంటున్న. మీరు ఇడుపైన్రు. తిట్టేటోళ్ళు ఆడికే వచ్చి తిట్టుండ్రి, నేను యాడికీ పోను. కానీ తిట్టినంక పందిట్లకు నడువుండ్రి. ఇయ్యాల తొమ్మిదికి అభయ చౌక్. వచ్చే ఆదివారం కాదు. రేపు కాదు. మీ ఇంట్ల ఆయాసమున్నోళ్ళను, ముసలోళ్ళను ముందట పెట్టుకొని రాండ్రి."

గడప దగ్గర జమున దగ్గింది. చిన్న దగ్గే.

రాజమౌళీ, కలం మూసెయ్. నువ్వు ఎంత బాగా రాసినా ఆమె ఊపిరికి పనికి రాదు. ఫోన్ తియ్. ఆమె చేయి పట్టుకుని మెట్లు దింపు, మెల్లగా. ఇవాళే. లే, అంగీ చేయి మడువు.